పడినవాడి వరస

ఆ ఏడు సెప్టెంబరులో గోడ మీద చెమ్మ మచ్చ వానకంటే ముందే వచ్చింది. అదే నాకు నచ్చలేదు. మా సాండ్‌గార్త్‌లో పడమటి గాలి వీస్తే వాన సముద్రం మీంచి అడ్డంగా వచ్చి కొడుతుంది. గోడలు తడుస్తాయి, కిటికీల నెత్తిన చెమ్మ ఊరుతుంది, జనం నోటికొచ్చిన తిట్లు తిట్టుకుంటూ మళ్లీ రంగులు వేసుకుంటారు. అది మామూలే. కానీ ఆ వారమంతా ఎండ కాసింది. పక్కింటివాళ్లు దుప్పట్లు ఉతికి తాళ్ల మీద ఆరేశారు. మా మేడ మీది గదిలో మాత్రం కిటికీ పైన చెయ్యి పెడితే తడి అంటింది.

నేను తాపీ పని చేస్తాను. ఆడదానివి నీకెందుకమ్మా ఈ పని అన్నవాళ్లంతా తర్వాత తమ పొగగొట్టాలు నాచేతే కట్టించుకున్నారు. పని నేర్పింది మా నాన్న విల్ఫ్ మోసప్. పదిహేనో ఏట నుంచి ఆయన వెనకాల సిమెంటు మాలు మోసి, ఇరవయ్యో ఏట తాపీ పట్టుకున్నాను. ఆయన దగ్గర పనితోపాటు ఒక చెడ్డ అలవాటు కూడా అబ్బింది. ఇటుకల మధ్య బిగించే పలకరాతి ముక్కల్ని పళ్ల మధ్య కరుచుకుని పని చేస్తాను. అప్పుడు ఎవరేం అడిగినా తల ఊపడమే, నోరు తెరిస్తే ముక్కలు రాలిపోతాయి. "కోపం వచ్చినప్పుడు కూడా ఆ ముక్కలు పెట్టుకోవచ్చుగా హెస్" అనేవాడు నా మొగుడు డెరిక్.

నాన్నకి ఇంకో అలవాటుంది. అది మాత్రం నాకు రాలేదు. ఎవరికి ఏది అందించినా "పట్టుకున్నావా?" అని అడుగుతాడు. అవతలివాళ్లు "పట్టుకున్నా" అనేదాకా వదలడు. ఇటుక కావచ్చు, టీ కప్పు కావచ్చు, చివరికి చర్చిలో చందా పళ్లెం కావచ్చు. ఊళ్లో ఆయన కనిపిస్తే చాలు, తాపీవాళ్లు ఒకళ్లకొకళ్లు అగ్గిపుల్ల అందించుకుంటూ "పట్టుకున్నావా?" "పట్టుకున్నా!" అని అరిచి నవ్వేవాళ్లు. నాన్న కూడా నవ్వేవాడు, కానీ అడగడం మాత్రం మానలేదు. నా నోట్లో ముక్కలున్నప్పుడు నేను ఆయన ఇచ్చినదాన్ని రెండుసార్లు లాగేదాన్ని. అదే నా జవాబు.

మేమున్న ఇల్లు నాన్న, ఆయన తమ్ముడు ఐజాక్ కలిసి కట్టుకున్నది. యాభై నాలుగు వేసవిలో కట్టారు. నేనింకా పుట్టలేదు. మేడ మీద పడమటి వైపు రెండు కిటికీల పైన లింటెల్ వేశాక, దాని మీది మొదటి వరస పేరుస్తూ బాబాయి పరంజా మీంచి పడి చనిపోయాడు.

మా తీరంలో తాపీవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. గోడ మీంచి మనిషి పడిపోతే, అతను చివరగా పేర్చిన వరసని ఎవరూ ముట్టుకోరు. ఇటుక తియ్యరు, సందులు దిద్దరు, పొంగిన మాలు కూడా గీకరు. దాని మీదే మిగతా గోడ కట్టుకుంటూ పోతారు. దాన్ని పడినవాడి వరస అంటారు. మా ఊళ్లో అలాంటివి మూడున్నాయి. ఒకటి బడి గోడలో, ఒకటి రేవు గిడ్డంగిలో, ఒకటి మా ఇంటి నొసటన. కింద నుంచి చూస్తే తెలిసిపోతుంది, సందుల్లోంచి మాలు పెదవుల్లా పొంగి అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు నేను దాన్ని చూడకుండా ఇంట్లోకి పరిగెత్తేదాన్ని.

మచ్చ పెరిగింది. డెరిక్ బస్సు డ్రైవరు. గోడల గురించి అతనికి తెలిసింది తక్కువ, ధైర్యం ఎక్కువ. తారు రంగు తెచ్చి లోపలి గోడకి రెండు పూతలు పూశాడు, దాని మీద పసుపు రంగు వేశాడు. "ఇక సముద్రమే వచ్చి కొట్టినా లోపలికి రాదు" అన్నాడు. తొమ్మిదో రోజున పసుపు మీద మచ్చ తేలింది, ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే. మా అమ్మాయి టెస్సా మంచాన్ని ఆ కిటికీ దగ్గర నుంచి తీసి రెండో గదిలోకి, మా మంచం పక్కకి మార్చాం. నాలుగు రోజులకి మచ్చ కూడా ఆ గది కిటికీ మీదకి వచ్చింది.

టెస్సాకి ఆరేళ్లు. పుట్టినప్పటి నుంచి ఊపిరి కష్టమే. చెమ్మ ఎక్కువైతే గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. కింద వంటింట్లో పడుకోబెడితే పొయ్యి పొగకి ఇంకా ఎక్కువైంది. కింది ముందుగది నాన్నది, అక్కడ కూడా నీళ్లు గోడ లోపలి నుంచి దిగుతూనే ఉన్నాయి. డెరిక్ అక్క ఇంట్లో అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు. మా అమ్మ కూడా ఆ మేడగదిలోనే దగ్గి దగ్గి పోయింది. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. అందుకే రాత్రిళ్లు లేచి కూర్చుని పిల్ల ఊపిరి చప్పుడు వినేదాన్ని.

ఒక మధ్యాహ్నం బడి మాన్పించి మంచంలో ఉంచాను. చారు తీసుకుని పైకి వెళ్తే పిల్ల గోడకి చెవి ఆనించి కూర్చుని ఉంది.

"అమ్మా, పనాయన ఇవాళ తొందరగా వచ్చాడు."

"ఏ పనాయనే?"

"గోడలో ఆయన."

"గోడలో ఎలకలుంటాయి. చారు తాగు."

"ఎలకలకి లెక్కలొస్తాయా?" అంది టెస్సా. చెంచాతో గిన్నె అంచు మీద కొట్టి చూపించింది. రెండు దెబ్బలు, ఆగి ఒక దెబ్బ. "నేను కొడితే ఆయన ఆగుతాడు. మళ్లీ మొదలుపెడతాడు. పాపం, ఆయనకి పని అవ్వట్లేదు."

ఇటుకని మాలులో కూర్చోబెట్టడానికి తాపీ పిడితో తట్టే చప్పుడు అది. ఆ సంగతి పిల్లకి తెలియదు, నాకు తెలుసు. ప్రతి మేస్త్రీకి తన తట్టు ఉంటుంది. నాది మూడు వరసగా, నాన్నది ఒకటే గట్టిగా. రెండు తట్టి, ఆగి, ఒకటి తట్టేవాళ్లని నేనెవరినీ చూడలేదు.

సాయంత్రం టీ తాగుతుంటే టెస్సా మళ్లీ అదే ఆట మొదలుపెట్టింది. బల్ల మీద చెంచాతో రెండు, ఆగి ఒకటి. నాన్న రొట్టెకి వెన్న రాస్తున్నాడు. కత్తి రొట్టె మీదే ఆగిపోయింది.

"అది ఎవరు నేర్పారే నీకు?"

"పనాయన, తాతా."

నాన్న లేచి, కోటు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూశాను. పడమటి గోడ కింద నిలబడి పైకి చూస్తున్నాడు. నేను పుట్టాక ఆయన ఆ వైపు నిలబడగా చూడటం అదే మొదటిసారి.

ఆ మర్నాడు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు గోడకి చెవి పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. నా పిచ్చికి నాకే నవ్వొచ్చి లేవబోతుంటే వినిపించింది. రెండు, ఆగి ఒకటి. ఆ తర్వాత ఇటుక మీద తాపీ గీసిన చప్పుడు. మెట్లన్నీ ఎలా దిగానో నాకు గుర్తులేదు.

అక్టోబరు మధ్యలో టెస్సా బడిలోనే సొమ్మసిల్లింది. పెదవులు నీలం తిరిగిపోయాయి. డాక్టరమ్మ ఇంటికొచ్చి మేడ మీది గోడని వేలితో తాకి, ఆ వేలు నాకు చూపించింది. "మందు నేనిస్తాను. కానీ ఈ గోడల మధ్య ఉంచితే ఈ పిల్ల చలికాలం గట్టెక్కుతుందని నేను చెప్పలేను" అంది.

నేను నిర్ణయించుకున్నాను. మా ఇళ్ల గోడలు రెండు పొరలు. బయట ఒకటి, లోపల ఒకటి, మధ్యన రెండంగుళాల సందు. బయటి పొర ఎలాగూ తడుస్తుంది, ఆ నీళ్లు సందులోకి కారతాయి. కిటికీ నెత్తిన లింటెల్ అడ్డం వస్తుంది కాబట్టి అక్కడ వాలుగా ఒక ట్రే పెట్టాలి. అది నీళ్లని పట్టి, సందుల్లో వదిలిన చిన్న కన్నాల్లోంచి మళ్లీ బయటికే పంపుతుంది. నాన్న కాలంలో తారు అట్ట చుట్ట పరిచేవాళ్లు. ఇప్పుడు నల్ల ప్లాస్టిక్‌వి ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. మూడేసి ఇటుకలు తీసి, ట్రే దూర్చి, మళ్లీ కట్టి, పక్కకి జరగాలి. పని చిన్నదే. కానీ చెయ్యాల్సింది ఆ వరసలో.

"రేపు గోడ తెరుస్తున్నాను నాన్నా" అన్నాను.

"ట్రే ఉంది దాంట్లో. తారు చుట్ట. నేనే వేశాను."

"ఉంటే నీళ్లెందుకొస్తున్నాయి?"

"ముప్పై రెండేళ్లయింది. చిరిగి ఉంటుంది."

"చిరిగితే మార్చాలిగా."

"వాడి వరస ముట్టుకోవద్దు హెస్."

"చచ్చిపోయినవాడి ఇటుకలు చూసుకుంటూ బతికున్న పిల్లని చంపుకోమంటావా?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "అమ్మ కూడా ఆ గదిలోనే దగ్గింది" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చూస్తే కొట్టినట్టుంది. తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

పరంజా గొట్టాల కోసం నెడ్ రెల్ఫ్ దగ్గరికి వెళ్లాను. నాన్న ఈడువాడు, బాబాయి పడ్డ మర్నాడు ఆ వరస మీద గోడ కట్టినవాళ్లలో ఒకడు.

"ఏం పిల్లా, మీ ముసలాణ్ణి చంపుదామనా?"

"ముసలాణ్ణి కాదు, చెమ్మని."

"ఊళ్లో ఒక్కడు రాడు నీకు సాయం. తెలుసా?"

"నిన్ను రమ్మనలేదుగా. గొట్టాల్ని రమ్మన్నాను."

నెడ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి వచ్చాడు. కిటికీ నడుం దాకా పరంజా కట్టి దిగిపోయాడు. "ఇక్కణ్ణించి పైకి నువ్వే. నా చెయ్యి ఆ వరస మీదికి లేవదు" అని టోపీ తీసి ఒకసారి పైకి చూసి వెళ్లిపోయాడు. నెడ్ టీ తాగకుండా వెళ్లడం నేను అంతకుముందు చూడలేదు. మిగతా సగం నేనే కట్టుకుని, అంచుకి అడ్డగొట్టం ఒకటి కాదు రెండు బిగించాను.

మర్నాడు పొద్దున గాలి పూర్తిగా పడిపోయింది. మా ఊళ్లో అక్టోబరులో గాలి లేని రోజు ఉండదు. సముద్రం చప్పుడు కూడా లేదు. డెరిక్ పనికి వెళ్లాడు, టెస్సాని పక్కింట్లో దింపాను. ఒక్కదాన్నే పైకెక్కి, ఉత్తరపు చివర మొదటి ఇటుక సందులో ఉలి పెట్టి సుత్తి ఎత్తాను.

కొట్టాల్సిన పని పడలేదు. ఉలి దానంతటదే దిగిపోయింది.

మాలు మెత్తగా ఉంది. బొటనవేలు పెట్టి నొక్కితే గుంట పడింది. ముప్పై రెండేళ్ల కింద పెట్టిన మాలు, పొద్దున కలిపినట్టు ఉంది, వాసన కూడా అదే. సిమెంటు తక్కువేశారేమో, నీళ్లకి నాని నాని ఇలా అయిందేమో అనుకుని పై వరసలో గీకాను, కింద వరసలో గీకాను. రెండూ రాయిలా ఉన్నాయి. ఈ ఒక్క వరసే మెత్తన. ఇటుకలు చేత్తో లాగితే వచ్చేశాయి. మూడో ఇటుక కింద మాలులో ఎవరిదో బొటనవేలు గుర్తు ఉంది. నాది కాదు, నా వేలికంటే వెడల్పు.

దీపం వేసి సందులో చూశాను. లింటెల్ బోసిగా, తడితో మెరుస్తోంది. చిరిగిన ముక్క కాదు కదా, తారు మరక కూడా లేదు. ఆ వరసలో ట్రే అనేది ఎప్పుడూ లేదు.

అప్పుడు వినిపించింది. నేనింకా తెరవని వైపు నుంచి, ఆరు అడుగుల అవతల. రెండు తట్లు, ఆగి ఒకటి. నేను కదిలితే ఆగింది. కదలకుండా నిలబడితే మళ్లీ మొదలైంది. పట్టపగలు, ఎదురుగా సముద్రం, కింద రోడ్డు మీద పాల బండి వెళ్తోంది. నేను మాత్రం అడ్డగొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"లేదు కదూ?"

నాన్న నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు. పని బట్టలు వేసుకున్నాడు. డెబ్బై ఒకటో ఏట, పాత పని టోపీతో సహా.

"లేదు" అన్నాను.

మెల్లిగా ఎక్కాడు. పైమెట్టు దాకా వచ్చి ఆగాడు, పరంజా మీదకి రాలేదు. గోడకేసి చూడకుండా నాతో చెప్పాడు.

"నేను ఇక్కడే ఉన్నాను, ఇదే మెట్టు మీద. వాడు ఆ అంచున ఉన్నాడు. చుట్ట బరువుగా ఉంది, చెయ్యి లాగేస్తోంది. 'అందుకో' అని విసిరేశాను. విసిరి కిందికి చూశాను, మీ అమ్మ టీ తెస్తోంది. 'పట్టుకున్నా' అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు హెస్. తిరిగి చూస్తే పరంజా మీద లేడు."

నేను ఉలి కింద పెట్టేశాను.

"పట్టుకున్నాడు. కింద చూస్తే చుట్ట గుండెలకి హత్తుకునే ఉంది. జనం రాకముందే దాన్ని తీసి దాచేశాను. కాలు జారిందని చెప్పాను. మర్నాడు నెడ్ అడిగాడు, ట్రే వేశారా అని. వేశామన్నాను. లేదంటే చుట్ట ఏదని అడుగుతాడు. వాళ్లు కట్టుకుంటూ పోయారు."

"అమ్మకి?"

"చూసింది. ఒక్క మాట అనలేదు, చచ్చిపోయేదాకా. ఆ గదిలోనే పడుకుంది."

ఆ నిమిషంలో మా నాన్నని అసహ్యించుకున్నాను. నిచ్చెన తన్నెయ్యాలనిపించింది. ఈ సంగతి డెరిక్‌కి కూడా చెప్పలేదు. ఆయన రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, నేనేం చేసినా సరేనన్నట్టు నిలబడ్డాడు. గోడలో తట్టు మళ్లీ మొదలైంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆయనకీ వినిపిస్తోందని అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ల నుంచి వింటున్నావు?"

"అప్పట్నుంచీ" అన్నాడు నాన్న.

 పలక ముక్కలు పళ్ల మధ్య పెట్టుకుని చెయ్యి చాచాను. ఆయన అర్థం చేసుకున్నాడు. కిందికి దిగి, మొదటి ట్రే తీసుకుని ఎక్కాడు.

"పట్టుకున్నావా?"

రెండుసార్లు లాగాను. వదిలాడు.

రెండు రోజులు అలాగే చేశాం. మూడేసి ఇటుకలు తీసి, నాన్న చెప్పినట్టు వాటిని అదే క్రమంలో పరంజా చెక్క మీద పేర్చి, లింటెల్ తుడిచి, ట్రే వెనక అంచు లోగోడకి ఆనేలా నిలిపి, ముందు అంచు బయటికి వాల్చి, ఒకదాని మీద ఇంకోటి ఎక్కించుకుంటూ వెళ్లాను. నీళ్లు పోయే కన్నాలు వదిలి, కొత్త మాలుతో బాబాయి ఇటుకల్నే మళ్లీ పెట్టి, పైన పలక ముక్కలు బిగించాను. తీసిన మెత్తటి మాలుని నాన్న పారెయ్యనివ్వలేదు, బకెట్లో వేయించాడు. ప్రతి ట్రేకి అడిగాడు. ప్రతిసారీ లాగాను. మా మధ్య వేరే మాటలు లేవు.

తట్టు మాత్రం నాకంటే ముందు జరుగుతూ పోయింది. ఎప్పుడూ నేను తెరవని వైపే. మొదటి కిటికీ దాటితే రెండో కిటికీ మీదకి వెళ్లింది. రెండో రోజు మధ్యాహ్నానికి ఇక మిగిలింది దక్షిణపు చివర మూడు ఇటుకలు. వాటి వెనక నుంచి తట్టు ఎంత దగ్గరగా వస్తోందంటే ఇటుక మీద చెయ్యి పెడితే అరచేతికి తెలుస్తోంది. చెయ్యి తీసెయ్యలేదు. ఎందుకో నాకు భయం పోయి జాలేసింది. టెస్సా చెప్పింది నిజమే, ఆయనకి పని అవ్వట్లేదు.

ఆ మూడు ఇటుకలూ తీశాను. తట్టు ఆగిపోయింది. సందులో చీకటి తప్ప ఏమీ లేదు.

చివరి ముక్కకి పక్కన మూత ఉండాలి, లేకపోతే పట్టిన నీళ్లు ట్రే కొస నుంచి జారి మళ్లీ లోపలికే పోతాయి. మొదటి చివర అలాంటిది పెట్టాను, రెండోది కింద ఉంది. నాన్న దాన్ని తేవడానికి దిగాడు. నేను భుజాల దాకా గోడలోకి వంగి, రెండు చేతులతో అంతకుముందు పెట్టిన ట్రే అంచుని పట్టుకుని సర్దుతున్నాను. వెనకాల నిచ్చెన కిర్రుమంది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

నిచ్చెన మళ్లీ కిర్రుమంది, నాన్న దిగిపోతున్నాడు. నేను గోడలోంచి తల బయటికి తీసేసరికి ట్రే నా కుడిచేతి పక్కన, ఇటుకల గట్టు మీద, సరిగ్గా చెయ్యి పెడితే అందే చోట ఉంది. నాన్న అక్కడ పెట్టి వెళ్లాడనుకున్నాను. ఎత్తితే అడుగు తడిగా తగిలింది. దాన్ని దూర్చి, మూత గోడకి ఆనించి, ఇటుకలు పెట్టి, ముక్కలు బిగించి పని ముగించాను.

కిందికి దిగితే నాన్న తిరగేసిన తొట్టి మీద కూర్చుని ఏడుస్తున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అప్పటికి నా కోపం చాలా వరకూ చల్లారింది, అంతా కాదు. ఆయన ముందు బకెట్ ఉంది. ముప్పై రెండేళ్లు గట్టిపడని మాలు, ఆ రెండు రోజులూ మెత్తగానే ఉన్న మాలు, గంటలోపల రాయి అయిపోయింది. తాపీ దానిలోనే ఇరుక్కుపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

నవంబరు మొదట్లో తుపాను వచ్చింది. నాలుగు రోజులు పడమటి గాలి వదలకుండా కొట్టింది. డెరిక్ గొడుగు పట్టుకుని పెరట్లో నిలబడి పైకి చూస్తూ "హెస్, కారుతున్నాయే! బయటికే కారుతున్నాయి!" అని కేకలు పెట్టాడు. కన్నాల్లోంచి నీళ్లు సన్నటి దారాల్లా దిగుతున్నాయి. లోపల కిటికీ పైన చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. పదిసార్లు పెట్టి చూశాను. డిసెంబరుకి పిల్లికూతలు పోయాయి, టెస్సా మెట్ల మీద పరుగులు మొదలుపెట్టింది.

"పనాయన రావట్లేదమ్మా" అంది ఒకరోజు.

"పని అయిపోయిందిగా" అన్నాను.

నెడ్ రెల్ఫ్ ఆ తర్వాత నెలదాకా నన్ను పలకరించలేదు. ఒక ఆదివారం నాన్నే వెళ్లి ఆయన ముందు కూర్చుని అంతా చెప్పాడు. నెడ్ ఏమన్నాడో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, పరంజా గొట్టాలు తీసుకుని, ఈసారి టీ తాగి వెళ్లాడు.

మొదటి మంచు గట్టిగా పడిన రోజున అందరం వంటింట్లో ఉన్నాం. నాన్న టెస్సాకి పాల కప్పు అందించాడు. అందించి, వదిలేసి, మళ్లీ తన రొట్టె వైపు తిరిగాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. నాకు తెలిసి ముప్పై ఏళ్లలో ఆయన అడగకుండా దేన్నీ వదల్లేదు.

"ఏంటి నాన్నా, అడగలేదేం?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "ఇక అడగాలనిపించట్లేదు" అన్నాడు. రొట్టె తుంపుతూ, నా వైపు చూడకుండా, మెల్లిగా అన్నాడు: "ఆ రోజు చివరి ట్రే ఇచ్చినప్పుడు నువ్వు 'పట్టుకున్నా' అన్నావే. నీ గొంతు అచ్చం వాడి గొంతే హెస్. అదే నవ్వుతో అన్నావు. ఆ మాట వాడి గొంతుతో ఇంకోసారి విన్నాను. నాకది చాలు."

ఆ రోజు నా రెండు చేతులూ గోడలో ఉన్నాయి. నోట్లో పళ్ల మధ్య నాలుగు పలక ముక్కలున్నాయి.

నాన్న నా జవాబు కోసం చూస్తున్నాడు. నేను తల ఊపాను.